ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఫోన్

ఎదుటి మనిషితో ఫోన్ లాక్ ఎలా చెప్పించుకోవాలో ట్రైనింగ్‌లో నేర్పరు. నాకు మాత్రం అది బాగా వచ్చు. వచ్చు కాబట్టే ఇదంతా రాయాల్సి వస్తోంది.

డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ టైంల మంచి మంచి కేసులుండెనట గదా, చెప్పుండ్రి మేడం" అని చుట్టూ కూర్చుంటారు. మంచి కేసంటే వాళ్ల లెక్కలో దొంగ దొరికిన కేసు. అవి నేను చెప్పను. వాటికి రివార్డు కాగితాలున్నాయి, కావాలంటే చదువుకోండి. నేను చెప్పేది ఒక్కటే కేసు, దానికి నాకు ఏ కాగితమూ ఇవ్వలేదు. అది చెప్పేటప్పుడు కుర్చీలో కుదురుగా కూర్చోలేను. లేచి గుమ్మం దాకా పోయి వస్తుంటాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఇప్పటికి మూడుసార్లు లేచాను, మా ఆయన "కాలు కాలిన పిల్లి లెక్క ఏందే గీ తిరుగుడు" అని విసుక్కున్నాడు.

నాది సిరిసిల్ల. మా నాయన తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నేను మహిళా కానిస్టేబుల్‌గా చేరాను, టైపు వచ్చని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు, జగిత్యాల జిల్లా అయ్యాక అక్కడి టెక్నికల్ సెల్‌లో వేశారు. ఏఎస్ఐగా రిటైరయ్యాను. టెక్నికల్ సెల్ అనగానే ఏదేదో ఊహించుకోకండి. పాత స్టోర్‌రూమ్, రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా మా కోసం కాదు, మెషిన్ కోసం. ఫోన్‌ను దానికి తగిలిస్తే లోపల ఉన్నదంతా కక్కేస్తుంది, తుడిచేసిన ఫోటోలతో సహా. జిల్లా మొత్తంలో ఆ మెషిన్ నడపడం ఇద్దరికే వచ్చు, ఆ రెండోవాడు ఎప్పుడూ సెలవులోనే ఉండేవాడు. నాకంటే పెద్ద ర్యాంకు సార్లు నా వెనక నిలబడి "అయిందా అమ్మా?" అని అడుగుతుంటే నాకు ఎంత పొగరుగా ఉండేదో చెప్పలేను. గుర్తుపెట్టుకోండి, ఈ కథలో మొదటి తప్పు ఆ పొగరే.

ఒకరోజు పొద్దున్నే హైదరాబాద్ నుంచి నలుగురు దిగారు. వాళ్ల ఆఫీసరుకు ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. గడ్డం గీసుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వేరే రాష్ట్రంలో ఒక సంతలో బాంబు పేలింది. రెండోది పేలకముందే దొరికింది. మూడోది ఎక్కడో పెట్టారని వాళ్ల దగ్గర సమాచారం. ఎక్కడో తెలియదు. ఈ పని చేయించినవాడు గల్ఫ్‌లో కూర్చుని ఒక ఫోన్‌లో మాట్లాడేవాడు. ఆ ఫోన్ కొన్ని నెలలు చప్పుడు లేకుండా ఉండి, ఈమధ్య హఠాత్తుగా మా కోరుట్లలో వెలిగింది. సిమ్ వేరే, మనిషి వేరే. కానీ సిమ్ ఎన్ని మార్చినా ఫోన్ ఒంటి మీది నంబరు మారదు, పుట్టుమచ్చ లాగా. ఆ నంబరే వాళ్లను కోరుట్ల దాకా లాక్కొచ్చింది.

"మూడోది రేపు పేలొచ్చు అమ్మా, ఈ సాయంత్రమే పేలొచ్చు" అన్నాడు ఆయన. తర్వాత నేను అడగకుండానే ఇంకో మాట అన్నాడు. "ఆ సంతలో చెప్పులు జతలు కలిపే పని నాకు అప్పజెప్పారు. ఎవరి చెప్పులో వాళ్లింటివాళ్లు గుర్తుపడతారని. పదకొండు ఒంటి చెప్పులు మిగిలిపోయాయి." ఆయన్ని ఇవాళ మీరు తిట్టాలనుకుంటే ముందు ఈ మాట గుర్తుచేసుకోండి. నేనైతే తిట్టలేను.

కోరుట్లలో ఆ సిమ్ ఒకామె పేరు మీద ఉంది. ముప్పై ఏళ్లుంటాయి, బీడీలు చేస్తుంది. భర్త దుబాయ్‌లో. మా దిక్కు గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా దుబాయే అంటారు. మేం వెళ్లేసరికి గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుంది, ఫోన్ చేతిలో ఉంది. నేను పోయీపోగానే ఫోన్ అందుకుని నెట్‌వర్క్ కట్ చేశాను. ఇది మా మొదటి సూత్రం. లేదంటే దూరం నుంచి ఎవరైనా ఫోన్‌లోదంతా తుడిచేయొచ్చు. ఆమె "అయ్యో, జర ఆగుండ్రి మేడం" అని చేయి చాపింది. అందరూ అనే మాటే గదా అనుకున్నాను.

ఆడవాళ్లను స్టేషన్‌కు పిలిచి అడగకూడదు, ఇంట్లోనే అడగాలి. చట్టం అది. కానీ అప్పటికే వాకిట్లో సగం వాడ జమైంది. ఆఫీసరు నా వైపు చూశాడు, నేను ఆమె వైపు చూసి "జర స్టేషన్ దాక అచ్చిపోదువు రా చెల్లె, ఈడ మంది ఎక్కువైండ్రు" అన్నాను. వచ్చింది. రాకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు, నేను చెప్పనూ లేదు.

స్టేషన్‌లో మహిళా సహాయ కేంద్రమని ఒక గది ఉంది. గోడకు గులాబీ రంగు. అందులో కూర్చోబెట్టి, ఆఫీసరు మనుషుల్లో ఒకడు ఫోన్ ముందు పెట్టి వేలు పెట్టమన్నాడు. బొటనవేలు పెట్టింది, తెరుచుకోలేదు. చూపుడువేలు పెట్టించాడు, లేదు. పదివేళ్లూ అయ్యాయి. వాడికి కోపం వచ్చేసింది.

"ఎవరి వేలు పెట్టించావు దీనికి? ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవలదీ పెట్టలే సారు, నాది పడది. రేషన్ దుకాన్ల పడది, బ్యాంకుల పడది. ఏడవడ్తది సారు నా వేలు?"

"నాటకాలు వద్దు."

అప్పుడు నేను కలగజేసుకున్నాను. చిన్నప్పటి నుంచి ఆకు చుట్టీ, దారం గుంజీ, మూతి మడిచీ బీడీలు చేసే ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. మా మేనత్త వేళ్లూ అంతే. కోరుట్లలో వేలిముద్ర పడని ఆడవాళ్లు వీధికి పది మంది దొరుకుతారు. ఆఫీసరు ఆమె చేయి చూపించమని, వెలుతురు దగ్గరకు వంగి ఆ వేళ్ల కొనలు చూశాడు. గాజు మీద చేయి వేసినట్టు నున్నగా ఉన్నాయి. "సారీ అమ్మా" అన్నాడు, నిజంగానే అన్నాడు. వెంటనే, "మరి ఫోన్ ఎలా తెరుస్తావు?" అన్నాడు.

"గీతలు గీస్త."

"గీయి."

"గియ్య."

అంతే. ఇక ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఏ తప్పూ చేయనిదానివి ఎందుకు భయపడుతున్నావన్నారు. కేసు ఎంత పెద్దదో చెప్పారు. సంతలో చచ్చిపోయినవాళ్ల ఫోటోలు చూపించారు. ఆమె ఆ ఫోటోలు చూసి ఏడ్చింది, కానీ గీయలేదు. ఏడ్చి కూడా లాక్ చెప్పని మనిషిని వాళ్లు ఎప్పుడూ చూడలేదేమో, అనుమానం ఇంకా ముదిరింది. మెషిన్ ఆ మోడల్ ఫోన్‌ను లాక్ తెలియకుండా తెరవలేదు. ఆఫీసరు నన్ను బయటికి పిలిచి, "మీరు మాట్లాడండి అమ్మా. నాకు టైం లేదు" అన్నాడు.

నా విద్య అక్కడ మొదలైంది. అందరినీ బయటికి పంపాను. టోపీ తీసి బల్ల మీద పెట్టాను. కుర్చీ వదిలేసి ఆమె పక్కన కింద కూర్చున్నాను. చాయ్ తెప్పించాను. బీడీల ముచ్చట తీశాను, ఆకు మంచిగ అస్తలేదట గదా అన్నాను. మా మేనత్త గురించి చెప్పాను. అరగంటకు ఆమె నోట మేడం పోయి అక్క వచ్చింది. ఆ మాట వినగానే లోపల నేను గెలిచాననుకున్నాను, ఆ సంగతి మీకు దాచను.

"అక్కా, మా ఆయన ఖల్లివల్లి" అంది మెల్లగా.

వీసా ఇచ్చిన యజమాని దగ్గర నుంచి పారిపోయి, పాస్‌పోర్టు లేకుండా దొంగచాటుగా వేరేచోట పని చేసుకునేవాణ్ణి మా దిక్కు ఖల్లివల్లి అంటారు. మా వాడల్లో ఈ మాట తెలియని పిల్లవాడుండడు. ఈమె భర్తను ఆ యజమాని కొట్టేవాడట. తప్పించుకుని ఎక్కడో ఎడారిలో ఖర్జూరపు తోటలో పని చేస్తున్నాడు. అక్కడి ప్రభుత్వం అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుంది, అప్పుడు లొంగిపోతే జైలు లేకుండా ఇంటికి పంపిస్తారు. ఆ రోజు వచ్చేదాకా దొరక్కుండా ఉండాలి. దొరికితే జైలే.

"ఏ తోట, ఎవని తాన ఉంటడు, ఏ తొవ్వల పోవాలె, అన్ని గా ఫోన్లనే ఉన్నయక్కా. ఫోటువలు గూడ పంపిండు. గది మీ సార్లు చూస్తె ఆయన బతుకు ఆగం గాదా?"

"మరి గీ ఫోన్ నీకెట్ల అచ్చింది?"

"రుద్రంగి ఆయన తెచ్చిచ్చిండు. నెల కింద లీవుల అచ్చిండు."

ఇక్కడ ఆగండి పిల్లలూ. నేను ఆగలేదు, మీరైనా ఆగండి.

మా అన్న పన్నెండేళ్లు గల్ఫ్‌లో ఉన్నాడు కాబట్టి నాకు ఒక పద్ధతి తెలుసు. క్యాంపు నుంచి ఎవరైనా సెలవు మీద ఇంటికి బయలుదేరితే, మిగతావాళ్లంతా తలా ఒకటి వాడి చేతిలో పెడతారు. సబ్బులు, తలనొప్పి మందు, పాలపొడి డబ్బా, దుప్పటి, ఫోన్. తెచ్చేవాడు ఒక కాగితం రాసుకుంటాడు. ఏ వస్తువు ఎవరిచ్చారు, ఎక్కడిది, ఏ ఊళ్లో ఎవరికియ్యాలి. పార్సిల్ చిట్టి అంటారు. దారిలో విమానాశ్రయంలో పట్టుకుని ఇదేంటని అడిగితే జవాబు చెప్పుకోవాలి గదా, అందుకని బిల్లులుంటే దానికే గుచ్చి పెట్టుకుంటారు. తిరిగిపోయేదాకా ఆ చిట్టి పారేయరు, అక్కడ ఇచ్చినవాళ్లు "మా ఇంట్ల ఇచ్చినవా?" అని నిలదీస్తారు కాబట్టి. కోరుట్ల నుంచి రుద్రంగి గంట దూరం కూడా లేదు. ఆ చిట్టి చూస్తే ఫోన్ ఎక్కడిదో తేలిపోతుంది. ఫోన్ తెరవనక్కర్లేదు, ఆమె మొగుడి తోట చూడనక్కర్లేదు.

ఇదంతా ఆ క్షణంలోనే నా బుర్రలో మెరిసింది. అబద్ధం చెప్పను, తర్వాత తట్టలేదు, అప్పుడే తట్టింది. మరి ఎందుకు లేచి బయటికి పోయి ఆఫీసరుకు చెప్పలేదు? నాకు నేను చెప్పుకున్న కారణం: జిల్లాలు చీలాక రుద్రంగి సిరిసిల్ల కిందికి పోయింది, అక్కడికి పోవాలంటే ఆ జిల్లావాళ్లకు చెప్పాలి, అదొక తతంగం. అసలు కారణం వేరే. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆఫీసరు ముందు, "సార్, పార్సిల్ చిట్టి అని ఒకటుంటుంది" అని పల్లెటూరి ముచ్చట చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. మెషిన్ నడిపే ఏఎస్ఐని నేను. చిట్టీ పట్టుకుని కేసు తేల్చడానికి నేనే ఎందుకు, ఏ హోంగార్డయినా చాలు. ఛీ, ఇవాళ రాస్తుంటే కూడా చెంపలు వేడెక్కుతున్నాయి.

"నీ మొగని ముచ్చట నా కడుపుల పెట్టుకుంట చెల్లె. ఆ ఫోన్ ముందుగాల ఎవలు వాడిండ్రో గదొక్కటే చూస్త. మిగిలింది ముట్ట" అన్నాను.

"ఒట్టా?"

"ఒట్టు."

ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసుకుని గీత గీసింది. నేను కాగితం రాశాను. అది మాకు అలవాటైన వాక్యం, చేయి దానంతటదే రాసేస్తుంది: ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగా, నా ఫోన్ మరియు లాక్ పోలీసువారికి ఇచ్చుచున్నాను. ఆమె పదో తరగతి దాకా చదివింది. సంతకం పెట్టే ముందు మొత్తం చదివి, "ఇష్టపూర్వకంగ అని రాసినవేందక్కా? నేను మొదలు అద్దనే అన్న గదా" అంది.

"గది రాసే పద్ధతి, గంతే."

పెట్టింది సంతకం.

జగిత్యాల తీసుకుపోయి ఫోన్‌ను మెషిన్‌కు తగిలించాను. స్క్రీన్ మీద గళ్లుంటాయి, ఏమేం కావాలో టిక్కు పెట్టాలి. కావాలనుకుంటే ఒక్కటే పెట్టుకోవచ్చు. చివర్న 'అన్నీ' అని ఇంకో గడి ఉంటుంది. మేం ఎప్పుడూ అదే నొక్కుతాం, రేపు కోర్టులో ఏదైనా వదిలేశారని అనకుండా. అది నొక్కేటప్పుడు నా చేయి ఒక్క క్షణం ఆగిందని రాస్తే నాకు బాగుంటుంది. ఆగలేదు. అలవాటు కొద్దీ నొక్కేసి చాయ్ తాగడానికి పోయాను.

వందల కొద్దీ వాయిస్ మెసేజ్‌లు. మొగుడూ పెళ్లాలవి. బాంబు లేదు, సంత లేదు, ఆ మనిషి ఊసే లేదు. అయినా వినాలి, సంకేత భాషలో మాట్లాడుకుంటున్నారేమోనని. హైదరాబాద్ మనుషులకు మా యాస సరిగ్గా పట్టుబడటం లేదు, అందుకని స్పీకర్‌లో పెట్టి, ఒక్కొక్కటి నేను విడమరిచి చెప్పాలి. తోటలో ఎలుకలున్నాయని ఆయన, ఈ నెల ఆకు కోటా తగ్గించారని ఆమె. కొన్ని కొట్లాటలు. కొన్ని సరసాలు. ఒకదానికి ఆ నలుగురిలో ఇద్దరు పకపక నవ్వారు, నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. తలుపు దగ్గర నిలబడ్డ మా డ్రైవర్, బోయినపల్లి మనిషి, నాకంటే పెద్దవాడు, "నేను బయటుంట మేడం. మొగడు పెండ్లాల ముచ్చట గిట్ల స్పీకర్ల పెట్టి ఇంటరా ఏడనన్న?" అని వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది, కానీ ఆపలేదు.

అన్నిటికంటే చివర ఉన్నది ఆ రోజు పొద్దునది. మేం వాకిట్లో జీపు ఆపడానికి రెండు నిమిషాల ముందు చెప్పింది ఆమె. ఆ సందులో సిగ్నల్ సరిగ్గా అందదు. మెసేజ్ పోవడానికి తిరుగుతుండగానే నేను నెట్‌వర్క్ కట్ చేశాను. పక్కన ఇంకా చిన్న గడియారం గుర్తు ఉంది, పోలేదని. జర ఆగుండ్రి అని ఆమె చేయి చాపింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. నిమిషంన్నర మెసేజ్. అది అయిపోయాక ఎవరూ నవ్వలేదు. ఒకడు ఫ్యాన్ వైపు చూశాడు. ఆఫీసరు ల్యాప్‌టాప్ మూసి, "చాలమ్మా, ఇది రాయొద్దు" అన్నాడు. అందులో ఏముందో నేను ఇక్కడ కూడా రాయను, మీరు అడిగినా చెప్పను.

ఆయనకు ఆమె భర్త సంగతి చెప్పాను. ఆ తోట సంగతి రిపోర్టులో రానివ్వొద్దని బతిమాలాను. "మనకు దాంతో పనేముందమ్మా" అన్నాడు. నమ్మాను. ఆయనా ఆ మాట నమ్మే అన్నాడు. కానీ రిపోర్టు వేరు, ఫైలు వేరు. నేను 'అన్నీ' నొక్కి తీసిన ఫైలు ఆ సాయంత్రమే హైదరాబాద్‌కు పోయింది, అక్కడి నుంచి ఇంకెక్కడికో. అక్కడ ఎవరో కూర్చుని చూశారు. ఆ ఫోన్ ఇంటికి పంపినవాడు ఫలానా తోటలో ఉన్నాడు, పాస్‌పోర్టు లేదు, దాక్కున్నాడు. వాళ్ల లెక్కలో ఇంతకంటే అనుమానం ఏం కావాలి? ఆ దేశానికి కబురు పంపారు. నేను వాళ్ల కుర్చీలో ఉన్నా పంపేదాన్నేమో.

మరునాడు రుద్రంగి పోయాం. చివరికి నేనే నోరు విప్పి చెప్పాను, చిట్టి సంగతి. ఆఫీసరు నవ్వలేదు. "నిన్నే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు, అంతే. ఆ ఊళ్లో ఆ మనిషి మంచంలో కూర్చుని మనవరాలికి సంత్రా పండు ఒలిచిపెడుతున్నాడు. సూట్‌కేసు జేబులోంచి చిట్టి తీశాడు. దానికి దుకాణం బిల్లు గుచ్చి ఉంది.

"ఫోన్ నేనే కొన్న సారు. ఆయన ఖల్లివల్లి గదా, బజార్లకు ఎట్ల అస్తడు? పైసలు పంపిండు, మా ఆమెకొక ఫోన్ కొనుక్కపోయి ఇయ్యవే అన్నడు. పాత ఫోన్ల దుకాన్ల కొన్న. గా ఫోన్ ఆయన కండ్లతోని గూడ చూడలే."

దుకాణం పేరు, తారీఖు, ఫోన్ ఒంటి మీది నంబరు, అన్నీ ఆ బిల్లు మీదే ఉన్నాయి. అసలువాడు ఫోన్‌ను ఆ దుకాణంలో అమ్మేసి పోయాడు. ఇది తేలడానికి మాకు పట్టింది చాయ్ తాగేంతసేపు. ఆ పెద్దమనిషి భార్య నాకు సంత్రా ముక్కలు ఇస్తే చేతిలో పట్టుకుని నిలబడ్డాను, నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆఫీసరు అక్కడి నుంచే ఫోన్ చేసి, ఆ తోటవాడికి సంబంధం లేదు, ఆపండి అని అరిచాడు. పంపిన ఫైలును వెనక్కి తెప్పించే గడి ఏదీ ఆ స్క్రీన్ మీద లేదు. వారం తిరక్కముందే తోటలోంచి ఆయన్ని పట్టుకుపోయారు.

మూడో బాంబు దొరికింది. అది మా జిల్లాతో, ఈ ఫోన్‌తో ఏ సంబంధమూ లేకుండా వేరే దారిలో దొరికింది. ఆఫీసరు నాకు ఫోన్ చేసి చెప్పాడు. నాకూ సంతోషమే కలిగింది. కానీ ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

టీవీల్లో మాట్లాడుకుంటుంటారు, దాచుకోవడానికి ఏమీ లేనివాడికి భయమెందుకు అని. మీలోనూ కొందరు అదే అంటారు, విన్నాను. ఈమె దగ్గర దాచుకోవడానికి ఉంది నాయనా. నేరం కాదు, మొగుడు. మా పని మానుకోమని కాదు నేను చెప్పేది. ఆ చెప్పుల ముందు కూర్చున్న ఆఫీసరుకు ఫోన్ అడిగే హక్కు లేదనీ అనను. ఒక్కటి చూస్తానని అడిగి అన్నీ తీసుకోవడం ఉంది చూడండి, అది నేను చేసిన పని. దానికి కోర్టులు, చట్టాలు, సెక్షన్లు ఏమంటాయో మీరు నాకంటే బాగా చదువుకున్నారు. నా చేతి రాతతో 'ఇష్టపూర్వకంగా' అని రాసి ఉంది గదా, చట్టం నన్ను ఏమీ అనలేదు.

ఫోన్ కోర్టు సామానులో చేరింది. ఆమె దాని కోసం నాలుగైదుసార్లు జగిత్యాల వచ్చింది. వచ్చిందని తెలిసినప్పుడల్లా నేను వెనక తలుపు నుంచి క్యాంటీన్ వైపు పోయేదాన్ని. ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో దొంగలకు భయపడలేదు, బీడీలు చేసుకునే ఆడమనిషికి భయపడ్డాను.

నేను రిటైరైన కొన్ని నెలలకు ఆమె భర్త జైలు నుంచి విడుదలై ఇంటికి వచ్చాడని మా డ్రైవర్ ఫోన్ చేసి చెప్పాడు. రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. మూడోరోజు సిరిసిల్లలో బస్సెక్కి కోరుట్లలో దిగాను. ఆమె అదే గడపలో, ఒళ్లో చాటతో ఉంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు.

"కూసోండ్రి మేడం" అంది.

మేడం అంది. నేను అనుకుని పోయిన మాటలన్నీ ఆ ఒక్క మాటకే ఎగిరిపోయాయి. "తప్పు జేసిన చెల్లె. ఒట్టు వెట్టి తప్పిన" అన్నాను. ఆమె చేతిలో బీడీ మూతి మడిచి పక్కన పెట్టి, ఇంకో ఆకు తీసుకుంది. "నాకెర్కనే మేడం" అంది. తిడితే బాగుండునని కూర్చున్నాను, తిట్టలేదు.

ఆయన నన్ను బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. సన్నగా అయిపోయాడు, నడుస్తుంటే ఒక కాలు ఈడుస్తున్నాడు. నేను క్షమించమనబోతే, "మీదేమున్నది మేడం, నా గాచారం" అన్నాడు. కొంతదూరం నడిచాం. తర్వాత, రోడ్డు వైపు చూస్తూనే అడిగాడు.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి. మీరు ఫోన్ గుంజుకున్న పొద్దు మా ఆమె నాకొక మాట పంపిందట. నాకు అందలే. ఏమన్నవే అని అచ్చినకాడికెల్లి అడుగుతున్న. చెప్పది. అప్పుడు అన్న, ఇప్పుడు నోటికి రాది అంటది. మీరు ఇన్నరు గదా మేడం?"

"ఇన్న."

ఆ నిమిషంన్నర నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇప్పటికీ గుర్తుంది. నాలుక చివర దాకా వచ్చింది. చెప్పేస్తే వాళ్లిద్దరి మధ్య ఏదైనా కుదుటపడుతుందేమో అని ఒక క్షణం ఆశ కలిగింది. కానీ ఆమె నోటితో అనాల్సిన మాట నా నోటితో వస్తే, మళ్లీ ఒకసారి ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నట్టే గదా. ఎంత ఆలస్యంగానైనా ఒక్క ఒట్టు నిలబెట్టుకోవాలనిపించింది.

"అది నేను చెప్పేది గాదు తమ్మీ. ఆమెనే చెప్పాలె."

తల ఊపాడు. వేములవాడ బస్సు వచ్చి ఆగింది. నేను మెట్టు మీద కాలు పెట్టాక వెనక నుంచి పిలిచాడు.

"ఎంతమంది ఇన్నరు మేడం?"

లెక్కపెట్టుకున్నాను. నేను, ఆఫీసరు, ఆయన మనుషులు ముగ్గురు, ఆ పైన హైదరాబాద్‌లో ఎవరెవరో.

"ఏడెనిమిది మంది ఉంటరు" అన్నాను.

"గంతమంది ఇన్నరు" అన్నాడు ఆయన. "నాకని పంపింది, నేనొక్కన్నే ఇనలే."